ఎవరి ఏలుబడిలో ఉన్నాం?



ఉద్దానంలో 1930లో పుట్టిన ఒక ముసలమ్మను ఊహించుకోండి. పుట్టిన ఇంట్లోనే, ఆ కొబ్బరిచెట్ల నీడనే తొంభై ఏళ్ళు బ్రతికిందనుకుందాం. ఆమె పుట్టినప్పుడు ఆ ఊరు మద్రాసు రాజధానిలో గంజాం జిల్లాది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ ప్రాంతాన్ని విశాఖపట్నం జిల్లాలో కలిపారు. 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో మళ్ళీ విభజన. ఇల్లు అంగుళం కదలలేదు, ఏలేవారే మారారు. పైన బ్రిటిషు చక్రవర్తి, దగ్గర్లో మందస జమీందారు అని ఎరిగిన ఆ పిల్ల, చివరికి వేలిముద్ర వేసి సర్కారు పింఛను పుచ్చుకొంది.

మందస మాట వచ్చింది గనుక చెబుతాను. 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో జమీందారును ఎదిరించిన రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. గున్నమ్మ అనే రైతు స్త్రీ ఆ కాల్పుల్లో నేలకొరిగింది. వీరగున్నమ్మ అని ఈనాటికీ తలచుకొంటున్నాం. ఆ సాయంకాలం జమీందారీకి అంతం ఉందని నమ్మినవారు ఎందరుంటారు? ఎనిమిదేళ్ళకే, 1948లో, ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది.

ఓట్లతో వచ్చిన అధికారం కూడా అంతే. 1994లో ఎన్.టి.రామారావు గారు హిందూపురంతోపాటు మన టెక్కలిలోనూ నిలబడి, రెండుచోట్లా గెలిచారు. తెరమీద దేవుడై కనిపించిన మనిషి ముఖ్యమంత్రి అయ్యారు. తొమ్మిది నెలలు తిరక్కముందే, 1995లో సొంత పార్టీవారే ఆయనను దించారు. 1996 జనవరి 18న ఆయన కన్నుమూశారు. ఆయనను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. మనం మనిషి మీద మోపే ఆశ బరువెంతో, ఆ మనిషి మోయగలిగింది ఎంతో చూడమంటున్నాను.

పోపు పదకొండవ భక్తినాథులు క్రీస్తురాజు పండుగను స్థాపించింది 1925లో. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం జర్మనీ, ఆస్ట్రియా, రష్యా సింహాసనాలను కూల్చింది. ఇటలీలో ముస్సోలినీ గద్దెనెక్కి మూడేళ్ళయింది. అంటే ఆ పండుగ రాజుల వైభవం చూసి పుట్టింది కాదు.

ఇక్కడ చాలామంది తడబడతారు. అధికారమంతా దేవునిదే అయితే పాలకులు చేసిందంతా దేవుని చిత్తమేనా? నోరు మూసుకొని ఉండాలా? పిలాతు ముందు ప్రభువు నిలబడిన ఘట్టాన్ని యోహాను సువార్త 19వ అధ్యాయంలో మరోసారి చదవండి. తన అధికారం గురించి పిలాతు గొప్ప చెప్పుకొంటే, అది నీ సొంతం కాదు, పైనుంచి వచ్చిందన్నారు ప్రభువు. ఆ తీర్పు న్యాయమైనదని మాత్రం అనలేదు. అధికారం పైనుంచి వచ్చింది, తీర్పు పిలాతుది. అప్పు తెచ్చుకొన్న సొమ్ముకు లెక్క చెప్పాలి కాదూ? పాలకులకు లోబడమని రోమీయులకు వ్రాసిన పౌలుగారిని కూడా రోము పాలకులే శిరచ్ఛేదం చేశారని సంప్రదాయం చెబుతోంది.

2010 జూలై 14న సోంపేట బీలలో థర్మల్ ప్లాంటు వద్దన్న రైతుల మీద, మత్స్యకారుల మీద కాల్పులు జరిగాయి. ఇద్దరు ప్రాణాలు విడిచారు. అదే రోజున ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్లాంటుకిచ్చిన అనుమతిని రద్దు చేసింది. ‘దేవుడే కాపాడాడు’ అనడం మనకు తేలిక. నాకు మాత్రం ఆ మాట గొంతులో ఆగుతుంది. ఆ ఇద్దరి ఇళ్ళలో ఎలా అంటాం? మళ్ళీ ఏడు నెలలకే, 2011 ఫిబ్రవరి 28న, టెక్కలి దాపున కాకరాపల్లిలో తుపాకులు పేలాయి. నీతిమంతుల నెత్తురు సంగతి దేవుడు మరచిపోడని నమ్ముతాను. ఎప్పుడు, ఎలా లెక్క తేలుస్తాడో నాకు తెలియదు. విశ్వాసం అంటే ఆ తేదీ తెలిసి ఉండడం కాదుగదా. బీలలో గడ్డి కోసుకొనేవారు, చేపలు పట్టుకొనేవారు ఆ తేదీ కోసం కూర్చోలేదు. వెళ్ళి అడ్డం నిలబడ్డారు.

ఇక మన కిడ్నీ జబ్బు. కారణం ఇదీ అని నేటికీ తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం నుంచి మంచినీటి పథకం కూడా ఆనాడే మొదలైంది. ఆర్నెల్లకు ప్రభుత్వం మారింది. ఎవరివల్ల ఏది వచ్చిందో మన అరుగుల మీద వాదనలు జరుగుతూనే ఉంటాయి. డయాలిసిస్ మంచం మీద పడుకొన్నవానికి శిలాఫలకం మీది పేరుతో పనేమిటి? వారానికి రెండు మూడు సార్లు యంత్రం పనిచేయాలి, ఇంటి కుళాయిలో నీళ్ళు రావాలి. ఇచ్చిన ప్రభుత్వానికి కృతజ్ఞత చెప్పడం తప్పు కాదు. కాని అది దానం కాదు, వారు చెల్లించవలసిన బాకీ.

ఆదివారం పూజలో విశ్వాసుల ప్రార్థన చెప్పేటప్పుడు పాలకుల కోసం ఒక విన్నపం ఉంటుంది. గమనించారా, పాలకులకు కాదు, పాలకుల కోసం. చాలా విచారణల్లో ఆ విన్నపాన్ని గబగబా చదివేస్తాం. ఈసారి మీ ఊళ్ళో డయాలిసిస్‌కు వెళ్ళేవారి పేర్లు దానికి చేర్చండి. నీళ్ళు రాని వీధి ఉంటే ఆ వీధి పేరు కూడా. సోమవారం అదే చీటీని అర్జీగా వ్రాసి కలెక్టరు గారి దగ్గరకు పట్టుకెళ్ళవచ్చు.