ఖర్జ్ అంటే కత్తిరింపు

అప్పును మనం రుణం అంటాం, బాకీ అంటాం, చేబదులు అంటాం. వీటిలో ‘బాకీ’ అరబీ నుండి తెలుగులోకి వచ్చిన మాట. మిగిలి ఉన్నది అని దానర్థం. ‘వసూలు’ కూడా అక్కడిదే. చేబదులులోని ‘బదులు’ సైతం అరబీ ‘బదల్’ నుండి వచ్చినదే. ఇన్ని మాటలు తెచ్చుకున్న మనం ‘ఖర్జ్’ అర్థాన్ని మాత్రం పట్టించుకోలేదు.

ఖర్జ్ అనే పదానికి మూలార్థం కత్తిరించడం. కత్తెరను అరబీలో ‘మిఖ్రాజ్’ అనేది అందుకే. అప్పిచ్చేవాడు తన సంపదలో కొంత కత్తిరించి మన చేతిలో పెడతాడు. అంటే మన జేబులో ఉన్నా అది అతని కష్టార్జితంలోని ముక్కే. గడువు గల బాకీని ‘దైన్’ అంటారు. గుర్తులు పెట్టకుండా రాస్తే ‘దైన్’, ‘దీన్’ (ధర్మం) ఒకేలా కనిపిస్తాయి! దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు (అల్ బఖరా: 282) నమాజు గురించో ఉపవాసం గురించో కాదు, బాకీని గడువుతో సహా రాసి ఉంచుకోవడం గురించి.

ఒకసారి దైవప్రవక్త (స) ముందుకు ఒక జనాజా వచ్చింది. మృతునికి రెండు దీనార్ల బాకీ ఉందని తెలిసి ఆయన నమాజు చేయించకుండా వెనుదిరిగారు. ఆ బాకీ తాను తీరుస్తానని హజ్రత్ అబూ ఖతాదా (రజి) మాట ఇచ్చిన తర్వాతే చేయించారు. అంతటితో వదల్లేదు. మరునాడు ఆ దీనార్ల సంగతి మళ్ళీ అడిగారు. తీర్చేశానని విన్నాకే, ఇప్పుడు అతని దేహం చల్లబడిందన్నారు.

అప్పు చేయడమే పాపమని దీని భావం కాదు. మహాప్రవక్త (స) పరమపదించే నాటికి ఆయన కవచం ఒక యూదుని వద్ద తాకట్టులో ఉంది, ఇంటివారి కోసం తెచ్చిన ముప్ఫై ‘సా’ల బార్లీకి బదులుగా. మనం చేసే అప్పులో? పెళ్ళి పందిళ్ళకు, విందులకు, కట్నాలకు! ఇక ఇచ్చినవారికీ ఒక ఆదేశం ఉంది: ఇబ్బందుల్లో ఉన్నవాడికి గడువివ్వాలి, మాఫీ చేస్తే మరీ మేలు (అల్ బఖరా: 280).

అయితే మనం అసలు బాకీగా లెక్కించని బాకీ ఒకటుంది. అది భార్యకు చెల్లించని మహర్. వారసులు ఆస్తి పంచుకోకముందే మృతుని అప్పులు తీర్చాలి. మహర్ కూడా అందులో భాగమే. మన వాడల్లో జరుగుతున్నదేమిటి? జనాజా లేపే ముందు ఏడుస్తున్న ఆ ఇల్లాలి దగ్గరకు నలుగురు పెద్దలు వెళ్ళి, “మహర్ మాఫ్ చేశానని అనమ్మా” అంటారు. ఆ క్షణంలో ఆమె కాదని ఎలా అనగలదు?