అగ్నిని అడ్డము త్రిప్పిన ఆరునా?



దేహమే దేవాలయమని బసవేశ్వరుడు బోధించెను. మనము ఇష్టలింగమును ధరించు ఎదకు వెనుకనే ఊపిరితిత్తులు రేయింబవళ్ళు ఆడుచుండును. లింగమునకు అంత చేరువలో నాడు శ్వాసను పొగతో నింపుట తగునా? ఈ ప్రశ్న మన తీరమున అనేక గృహములకు సంబంధించినది.

పలాస జీడితోటలు, టెక్కలి పల్లెలు, ఉద్దానపు కొబ్బరితోటలు గల ఈ శ్రీకాకుళం జిల్లాలో అడ్డపొగ తరతరముల అలవాటు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోటిలో నుంచుకొని పీల్చుదురు. స్త్రీలయందే ఇది హెచ్చు. సముద్రపు గాలికి నిప్పు ఆరకుండుటకనియు, పనివేళ బూడిద రాలకుండుటకనియు, తల్లిని చూచి నేర్చితిమనియు కారణములు చెప్పుదురు. పిండ్‌బోర్గ్, మెహతా మొదలగు పరిశోధకులు ఈ జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి 1971లో ఫలితములు ప్రకటించిరి. అంగిలిపై మచ్చలు, క్యాన్సరు అడ్డపొగ త్రాగువారియందే విశేషముగా కనబడినవి. నిప్పు కొస మారినది. దహించు గుణము మారలేదు.

నేడు మరియొక మార్పు వచ్చినది. తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించిన హాన్ లిక్ అను చైనా ఔషధ నిపుణుడు 2003లో ఎలక్ట్రానిక్ సిగరెట్టును రూపొందించెను. ఇందు పొగాకు కాలదు. నికోటిన్ కలిపిన ద్రవము వేడెక్కి ఆవిరియగును. "సిగరెట్టు మాని దీనిని పట్టితిని, ఊపిరితిత్తులు బాగుపడును గదా?" యని యువకులు అడుగుదురు.

సత్యమును దాచరాదు. కాలుట లేదు గనుక తారు, కార్బన్ మోనాక్సైడు వంటి విషములు ఇందు మిక్కిలి తక్కువ. సిగరెట్టును పూర్తిగా విడిచినవానికి ఆ మేరకు భారము తగ్గును. కాని రెంటిని కలిపి త్రాగువానికి ఆ లాభము దక్కదు. ఆవిరిలోని సన్నని కణములు, సువాసన ద్రవ్యములు శ్వాసనాళములను రేపి వాపు కలిగించును. 2019లో అమెరికాలో ఇట్టి యావిరి పీల్చినవారికి తీవ్రమైన ఊపిరితిత్తుల వ్యాధి సోకెను. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రుల పాలైరి. 68 మంది మరణించిరి. గంజాయి సారపు ద్రవములలో కలిపిన విటమిన్-ఇ ఎసిటేటు ఇందుకు ముఖ్యకారణమని తేలినది. మన దేశమున 2019లోనే చట్టము చేసి వీని తయారీని, దిగుమతిని, అమ్మకమును నిషేధించిరి.

అన్నిటికన్న ముఖ్యమైనది బంధనము. చుట్టలో నున్నదియు, ఆవిరిలో నున్నదియు అదే నికోటిన్. ఇనుప సంకెలను తీసి వెండి సంకెలను తొడిగినంత మాత్రమున బందీ విముక్తుడగునా?

శరణులారా! మనకొక కొలబద్ద కలదు. లింగమునకు అర్పింపనిది మనకు ప్రసాదము కాదు. నీరు త్రాగినను, గంజి త్రాగినను ముందు అర్పించెదము. అరచేత లింగమునుంచి, "దేవా, ఈ పొగను, ఈ ఆవిరిని స్వీకరింపుము" అని అనగలమా? నోరు రానిచో అది మన దేహమునకును తగదు.

అయినను అడ్డపొగ త్రాగు అవ్వను ఈసడింపకుడు. ఎండలో కాయకము చేసిన ఆ చేతులు పూజ్యములు. ఆమె ప్రక్కన కూర్చుండి, అంగిలిని వైద్యునికి చూపింపుడు. చుట్ట తెమ్మని పిల్లలను అంగడికి పంపకుడు. మాన గోరువారికి ఉచితముగా సలహా ఇచ్చు ప్రభుత్వ దూరవాణి 1800-11-2356 కలదు. మానిన కొద్ది దినములకే రక్తములోని కార్బన్ మోనాక్సైడు తగ్గును. కొన్ని వారములు, నెలలలో దగ్గు, ఆయాసము తగ్గుముఖము పట్టును. తడబడి మరల త్రాగినవాడు సయితము మరునాడు మరల ప్రారంభింపవచ్చును.

మఠములలో పెద్దలు పండుగనాడు ఈ మాటను ప్రేమతో చెప్పుదురుగాక! పొగకు పోయెడి పైకము దాసోహమునకు చేరుగాక! మన ప్రతి శ్వాసయు శివార్పణమునకు యోగ్యమగుగాక!

శరణు శరణార్థి.