కన్నద్దములకు లేని యభ్యంతరము

సమానత్వమను మాటను మనము తఱచుగా వాడుచున్నాము. కాని యందఱకు నొక్కటే వస్తువు నిచ్చుట సమానత్వమా, యెవరికి కావలసినది వారికిచ్చుట సమానత్వమా? ఈ ప్రశ్నకు మనలో పెక్కుమంది తమలో తాము జవాబు చెప్పుకొని యుండరు. నేనును చెప్పుకొనలేదు. ఒక బాలిక వ్రాసిన పరీక్షాపత్రము నాకు దానిని నేర్పెను.

ఆ బాలికకు పుట్టుకతోనే చూపు తక్కువ. పుస్తకమును ముక్కున కానించుకొని చదివెడిది. మన లిపి యిట్టివారిని మఱింత బాధించును. థకారమునకును ధకారమునకును భేదము లోపలి చుక్క మాత్రమే. వత్తులు అక్షరము క్రింద చిన్నవై యణగియుండును. ఆమె మేనమామ యొక ఈ-పేపరు టాబ్లెట్టు కొనియిచ్చెను. అందులో నక్షరములను వలసినంత పెద్దవి చేసికొనవచ్చును. తరగతిలో పరీక్ష పెట్టిన దినమున నామె నా బల్లయొద్దకు వచ్చి, "మాస్టారూ, ప్రశ్నలు ఇందులో పెట్టుకొని చదువుకోనా అండీ?" అని యడిగెను. "అందఱకును లేనిది నీ కొక్కతెకేల? అది న్యాయము కాదమ్మా" అని చెప్పి దానిని బీరువాలో పెట్టించితిని. ఆమె సగము ప్రశ్నలకే జవాబులు వ్రాసెను.

ఆ సాయంకాలము ఆ పత్రమును దిద్దబోవుచు, అలవాటు చొప్పున కన్నద్దముల కొఱకు చేయి చాచితిని. నలువది యేండ్లు దాటినది మొదలు నాకు చత్వారము. అద్దములు లేక నాలుగు పంక్తులు చదువజాలను. నా తోడి యుపాధ్యాయులలో కొందఱకవి యక్కఱలేదు. అయినను వారికి లేనివి నీకేల యని నన్నెవరు నడుగలేదు. నా లోపమునకు సాధనము లోకమున పాతబడినది. ఆమె లోపమునకు సాధనము క్రొత్తది. భేదమింతే. దీనిని నేను న్యాయమని పేరుపెట్టితిని.

ఈ పలకలో మాయ యేమియు లేదు. తెరలోపల వెండ్రుకంత వ్యాసముగల గోళములు లక్షలకొలది యుండును. వానిలో తెల్లని రేణువులును నల్లని రేణువులును విరుద్ధమైన విద్యుదావేశములతో నుండును. విద్యుత్తు సోకినపుడు ఒక వన్నెవి పైకి తేలును, రెండవ వన్నెవి క్రిందికి పోవును. సెల్‌ఫోను తెరవలె నిది కంటిలోనికి వెలుతురు చిమ్మక, కాగితమువలె తనపై బడిన వెలుగునే మరల్చును. కావున తీక్ష్ణమైన వెలుతురు సహింపని కన్నులకు ఊరట. అక్షరములు తడబడు డిస్లెక్సియా గలవారు పంక్తుల నడుమ ఎడము పెంచుకొనవచ్చును. కండరములలో బలము లేని బాలుడు పది పుస్తకముల సంచికి బదులు ఒక్క పలకను మోయును.

అయినను పూర్తిగా చూపు లేనివారికి ఈ నున్నని తెర కొఱగాదు. వారికి బ్రెయిలి లిపియో, చదివి వినిపించు యంత్రమో వలయును. చూపు తక్కువైనవారిలో కొందఱకు నల్లని తెరపై వెలుగు నక్షరములే మేలు. వికలాంగుల కందఱకు నొక్కటే యంత్రమును పంచి చేతులు దులుపుకొనువాడు నేను చేసిన పొరపాటునే మఱియొక రీతిని చేయుచున్నాడు.

ఇట్టి సాయము పరీక్షను తేలిక చేయునని కొందఱందురు. పరీక్ష దేనిని కొలుచుచున్నదో ముందు తెలిసికొనవలయును. చేవ్రాతకే పరీక్ష యైనచో చేవ్రాతనే చూడవలయును. నేను పరీక్షింపదలచినది సంధులను, కొలిచినది కంటిచూపును. మఱునాడు నా తప్పు నొప్పుకొని, టాబ్లెట్టు చేతికిచ్చి యామెచేత మరల వ్రాయించితిని. అన్ని ప్రశ్నలకును జవాబులు వ్రాసెను. రెండు తప్పులుండెను, వానికి మార్కులు తగ్గించితిని.

ఇది దయకు సంబంధించిన మాట కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, నలువది శాతమునకు తక్కువకాని వైకల్యముగల విద్యార్థులకు పదునెనిమిదేండ్లవఱకు పుస్తకములును తగిన పరికరములును ఉచితముగా నీయవలెనని చెప్పుచున్నది. ఆ శాతమునకు లోబడనివారికిని తగిన సదుపాయము నిరాకరింపరాదని 2021లో సుప్రీంకోర్టు, వ్రాత పట్టుబడని యొక యభ్యర్థి వ్యాజ్యెమున తీర్పు చెప్పెను.

కాని చట్టము పలక నిప్పించినను అందులో చదువుటకు పుస్తకము వలయును గదా! తెలుగు పుస్తకములు పెక్కు పుటల ఛాయాచిత్రములుగానే దొరకుచున్నవి. బొమ్మను పెద్దది చేసినచో పంక్తి తెర యంచు దాటిపోవును. టైపుచేసిన యక్షరమైనచో తెరకు తగినట్లు మడిగి క్రింది పంక్తికి వచ్చును. ఉపాధ్యాయుడు పాఠమును ఫోటో తీసి పంపుటకు మాఱు టైపుచేసి పంపినచో నింత మేలు కలుగును. దీనికి ధనమక్కఱలేదు, కొంచెము శ్రద్ధ చాలును.

చదువరులారా! మీ యింటనో పొరుగింటనో యిట్టి బిడ్డ యున్నయెడల, ఏది కొనవలెనని యంగడివాని నడుగుటకు ముందు, నీకేది కష్టముగా నున్నదని యా బిడ్డనే యడుగుడు. నే నా దినమున చేయవలసి యుండియు చేయని పని యదియే.