అడగకుండా తగ్గే నొప్పి

మా పెద్దమ్మ కూతురు బావకి కిడ్నీ ఇచ్చింది. తిరుపతిలో ఒక ఆస్పత్రిలో ఆపరేషన్ అయిన రాత్రి తోడున్నది నేనే. నర్సు వచ్చి "నొప్పుంటే చెప్పమ్మా, ఇంజక్షన్ వేస్తాం" అని వెళ్లింది. "నొప్పుండాదా అక్కా?" అంటే, "అంత ల్యాదు మే. బావ ఎట్లుండాడో కనుక్కో" అంది. దుప్పటి అంచు మాత్రం ఆమె పిడికిట్లో నలుగుతూనే ఉంది. తెల్లారి చుట్టాలంతా ఆమె ఓర్పుని మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

దాత రోగి కాదు. ఇంకొకరి కోసం, ఏ జబ్బూ లేని ఒంటి మీద వైద్యమే పెట్టిన కోత అది. ఆ నొప్పిని తగ్గించడం దయెలా అవుతుంది? అది బాకీ.

తీర్చే దారులున్నాయి. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ నడుము, వీపు కండరాల పొరల మధ్యకి సూది దించి బుపివకెయిన్ లాంటి మందు వదిలితే, కోత నుంచి నొప్పిని మోసే నరాలు కొన్ని గంటలపాటు మూగబోతాయి. దీన్నే నెర్వ్ బ్లాక్ అంటారు. వెన్ను పక్కన ఇచ్చే 'ఎరెక్టర్ స్పైనీ' బ్లాక్ 2016లోనే వెలుగులోకి వచ్చింది. దాతకి మిగిలేది ఒకే కిడ్నీ గనక డైక్లోఫెనాక్ లాంటివి వాడడానికి డాక్టర్లు వెనకాడతారు. మార్ఫిన్ జాతి మందులతో వాంతులు, మగత. బ్లాక్ కూడా అన్నిటినీ తియ్యదు. లాప్రోస్కోపీకి నింపిన గాలి వల్ల భుజంలో వచ్చే పోటుని అది ముట్టనే ముట్టదు.

నన్ను పట్టుకున్న విషయం వేరే. ఇది అడగనక్కర్లేని ఉపశమనం. "నొప్పుంటే చెప్పు" అన్న పద్ధతి చెప్పడం అలవాటైన వాళ్లకి పనికొస్తుంది. మనకి నేర్పింది చెప్పకపోవడం కదా!

చిత్తూరు వాళ్లకి కిడ్నీ మార్పిడి కొత్త మాట కాదు. దేశంలో అది మొదట విజయవంతమైంది 1971లో, పక్కనున్న వేలూరు సీఎంసీలో. జాతీయ సంస్థ నోటో లెక్కల్లో 1995 నుంచి 2021 దాకా 36,640 అవయవ మార్పిడులు జరిగితే, అందుకున్న ఆడవాళ్లు 6,945 మంది. బతికుండి ఇచ్చినవాళ్లలో మాత్రం ఎక్కువమంది ఆడవాళ్లే. దాత ఇష్టపడి ఇస్తున్నట్టు రాతపూర్వక సమ్మతి కావాలంటుంది 1994 చట్టం. ఆ ఇష్టం ఇన్ని ఇళ్లలో ఒకేవైపు ఎందుకు ఒరుగుతుందో సంతకం చెప్పదు.

ఈమధ్య అక్కకి ఈ బ్లాక్ సంగతి చెప్పాను. "నొప్పే ల్యాకపోతే మూడోనాడే పొయ్యికాడికి తోలేసిందురు మే" అంది, నవ్వుతూనే. నా వాదమంతా అక్కడ తడబడింది. నొప్పి ఉన్నా లేకున్నా కొన్ని వారాలు బరువులెత్తొద్దని డాక్టర్లు చెప్తారు. ఆ మాట దాతకొక్కదానికే చెప్పి పంపితే చాలదు. పక్కన నిలబడ్డ అత్తగారికీ, కిడ్నీ అందుకున్న మనిషికీ చెప్పాలి.