మీరు పోయి రండి, నేను కూసుంట

ప్రయాణమంటే చాలు, మన ఆడవాళ్ళం నీళ్ళు తాగడం మానేస్తాం. సిద్దిపేట నుంచి హైదరాబాదు ఎంత దూరమని? నూరు కిలోమీటర్లు. పొద్దున తాగిన చాయ్ తప్ప జూబిలీ బస్ స్టేషన్‌లో దిగేదాకా గొంతు తడపనివాళ్ళు నాకు బోలెడుమంది తెలుసు. కారణం మీకూ తెలుసు, నాకూ తెలుసు. దారిలో బండి ఆపమని అడగడం నామోషీ. 2023 అక్టోబరులో మా ఊరికి రైలొచ్చింది గాని, ఆ అలవాటు మాత్రం పోలేదు.

దీన్నే ఓర్పంటారు, అణకువంటారు. పెళ్ళిచూపుల్లో కూడా మెచ్చుకుంటారు, "పిల్ల నోరు విప్పి ఏదీ అడగదు" అని. ఇది నిజంగా సుగుణమేనా అన్న అనుమానం నాకు మొన్న మా వదిన అమెరికా ప్రయాణం సంగతి విన్నాక బలపడింది.

వదిన, అన్నయ్య దసరా వెళ్ళాక డాలస్‌లో ఉన్న బిడ్డ దగ్గరికి వెళ్తున్నారు. సద్దుల బతుకమ్మ ఇక్కడ ఆడందే కదలనని వదిన పట్టు. అల్లుడు ఉత్సాహవంతుడు. లాస్ వేగస్ దాకా విమానం, అక్కడినుంచి కారు, ఆరు రోజుల్లో నాలుగు నేషనల్ పార్కులు: జయాన్, బ్రైస్ కాన్యన్, గ్రాండ్ కాన్యన్, డెత్ వ్యాలీ. మొత్తం పదిహేను వందల కిలోమీటర్లకు తక్కువ కాదు. ఏ రోజు ఎన్నింటికి లేవాలి, సూర్యోదయం ఎక్కడ చూడాలి, ఎంతసేపు నడవాలి, అన్నీ వేసి పంపాడు.

"నీళ్ళు లేని భూమిని పైసలు పెట్టి చూసుడేంది?" అన్నది వదిన. ఎండిన బోర్ల పక్కన బిందెలతో నిలబడ్డ తరం మాది. ఆ మాట అనకుండా ఎలా ఉంటుంది! అయినా, ఆ ఎర్రకొండల ఫొటోలు చూపించాక ఆమె కళ్ళు మెరిసిన మాట కూడా నిజమే.

అల్లుడి పట్టికలో అన్నీ ఉన్నాయి, అత్తగారి మోకాళ్ళు తప్ప. ఆమె వేసుకునే బీపీ మాత్రలూ లేవు. ఎలా ఉంటాయి, ఆమె చెప్తే గదా! కూతురు అడిగితే వదిన జవాబు ఎప్పటి మాటే: "నాకేం గాదు. మీరు పోయి రండి బిడ్డా, నేను కార్ల కూసుంట."

ఈ మాట యాదగిరిగుట్ట మెట్ల దగ్గర చెల్లుతుంది. కొమురవెల్లి జాతరలో చెట్టు కింద చెల్లుతుంది. ఎడారిలో చెల్లదు. ఎండలో ఆపిన కారు అద్దాలు మూస్తే, లోపలి వేడి అరగంటలో బయటికన్నా పదిహేను ఇరవై డిగ్రీలు పెరుగుతుంది. డెత్ వ్యాలీ లోకంలోకెల్లా వేడి ప్రదేశంగా పేరుపడ్డది. 1913 జూలై 10న అక్కడ 56.7 డిగ్రీలు నమోదైంది. అక్టోబరు మొదట్లో కూడా మన మే నెల గుర్తొచ్చే రోజులుంటాయి. ఇక జయాన్ లోయలోకి ఏడాదిలో ఎక్కువ నెలలు సొంత కార్లను రానివ్వరు, పార్కు బస్సే ఎక్కాలి. కూర్చుంటాననడానికి అక్కడ కారే ఉండదన్నమాట.

నీళ్ళ సంగతి ఇంకా గట్టిది. డెత్ వ్యాలీలో మనిషికి రోజుకు కనీసం నాలుగు లీటర్లు తాగమని పార్కువాళ్ళ హెచ్చరిక. పొడిగాలికి చెమట పట్టినట్టే తెలియదు, పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. పైగా వయసు మీరినకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. కొన్ని బీపీ మాత్రలు ఒంట్లో నీటిని తోడేస్తాయి కూడా. ఇన్నింటి మీద మన "బండి ఆపించకూడదు" వ్రతం ఒకటి!

భారతంలో మహాప్రస్థానం గుర్తుందా? పాండవులు హిమవంతం దాటాక ఇసుక సముద్రం చూశారని అందులో ఉంది. ఆ నడకలో అందరికన్నా ముందు పడిపోయింది ద్రౌపది. ఎందుకు పడిందని భీముడు అడిగితే, అర్జునుడి మీద పక్షపాతం వల్లనని ధర్మరాజు చెప్పి, వెనక్కి చూడకుండా సాగిపోయాడు. ఆమెకు దాహమయిందా, కాళ్ళు లాగుతున్నాయా అని అడిగినవాళ్ళు లేరు. ఆమె చెప్పినట్టూ లేదు. అది స్వర్గానికి పోయే దారి, వాళ్ళ లెక్కలు వేరనుకోండి. మనం సెలవు పెట్టి వెళ్ళి తిరిగి రావలసినవాళ్ళం.

కోరికను వదులుకోవడం వేరు, అవసరాన్ని దాచిపెట్టడం వేరు. పిల్లలు లోయలోకి దిగుతుంటే గట్టుమీద కూర్చుని చూస్తానంటే అది పెద్దమనసు. ఇచ్చేది తన సొంతది. దాహమై కూడా లేదంటే, నొప్పి ఉండి లేదంటే, అది అబద్ధమే గదా? ఆ అబద్ధం మీద నమ్మకంతో అల్లుడు రోజుకు ఎనిమిది గంటల ప్రయాణం లెక్క వేస్తున్నాడు. రేపు ఆస్పత్రి దూరంగా ఉన్న చోట ఆమె పడిపోతే ఆ తప్పు ఎవరి మెడకు చుట్టుకుంటుంది? ఆయన మెడకే!

"తలా ఒక నొప్పి చెప్పుకుంటే ఇక ప్రయాణాలెక్కడివి? పిల్లలకు దొరికేదే వారం సెలవు" అని మా పక్కింటావిడ వాదన. అదీ కొట్టిపారేసేది కాదు. కాని ఇంట్లో కూర్చుని చెబితే పోయేది పట్టికలో ఒక వరుస. అక్కడికెళ్ళాక బయటపడితే అందరి ప్రయాణమూ పోతుంది. అల్లుడి ముందు మోకాళ్ళ మాట ఎత్తడానికి సిగ్గేనంటారా? సిగ్గే. కూతురి చేత చెప్పించుకోవచ్చు.

వదిన చివరికి అదే చేసింది. పట్టిక మారింది. బ్రైస్ కాన్యన్ కొట్టేశారు. మనవడు రెండు రోజులు అలిగాడు. గ్రాండ్ కాన్యన్‌కు రెండు రోజులిచ్చారు, దక్షిణపు గట్టు వెంబడి పార్కు బస్సు తిరుగుతుంది కాబట్టి ఆమె కూడా అన్నీ చూడొచ్చు. డెత్ వ్యాలీ ఒక్క పొద్దున, పది గంటలకల్లా వెనక్కి. అన్నిటికన్నా కింద వదిన ఒక వరుస రాయించింది: గంటన్నరకోసారి బాత్‌రూం ఉన్న చోట బండి ఆపాలి.

అది వినగానే అన్నయ్య ఫోన్ అందుకుని, "నేను గూడ అదే చెప్దామనుకున్న" అన్నాడట. ఆయనకు చక్కెర వ్యాధి వచ్చి తొమ్మిదేళ్ళు.