సాంచాల ఊళ్ళో పుట్టే ఇష్టం

గైబీ నగర్, భివండీ



ఇష్టం మొదట దగ్గరితనంలో పుడుతుంది. గైబీ నగర్‌లో ఇంటి గోడ, కార్ఖానా గోడ ఒక్కటే అయిన గల్లీలు ఉన్నాయి. సాంచాలు (మరమగ్గాలు) నడుస్తుంటే పక్కనే నిలబడి అరిచినా మాట అందదు. నాలుగు సాంచాల మధ్య తిరిగే మనిషి కంటిచూపుతో, చేతి సైగతో పని నడుపుతాడు. పన్నెండు గంటల డ్యూటీ దిగి, చెవుల్లో ఇంకా ఆ మోతతోనే నల్లా దగ్గరికి వస్తే, రోజూ అదే వేళకు అక్కడ అదే ముఖం ఉంటుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి ఇంటివాళ్ళను విడిచి వచ్చిన కుర్రవాడికి ఆ ముఖం ఎంత ఊరటో చెప్పనక్కర్లేదు.

అమెరికాలో ఎంఐటీ విద్యార్థి దంపతుల ఇళ్ళలో ఫెస్టింగర్, షాక్టర్, బ్యాక్ చేసిన పరిశీలన 1950లో వెలువడింది. పక్క తలుపువాళ్ళే ఎక్కువగా స్నేహితులయ్యారని, రాకపోకల దారిలో ఉన్న ఇళ్ళవాళ్ళకు పరిచయాలు ఎక్కువని అందులో తేలింది. 1992లో మోర్లాండ్, బీచ్ ఇంకో ప్రయోగం చేశారు. చూడటానికి ఒకే తీరున ఉన్న నలుగురు యువతుల్లో ఒకరు తరగతికి పదిహేనుసార్లు, ఒకరు పదిసార్లు, ఒకరు అయిదుసార్లు వచ్చారు. ఒకరు అసలు రాలేదు. వాళ్ళెవరూ విద్యార్థులతో మాట్లాడలేదు. చివరికి ఫొటోలు చూపితే, ఎక్కువసార్లు వచ్చినవారే విద్యార్థులకు ఎక్కువ నచ్చారు. ‘రాసిపెట్టి ఉంది’ అని కుర్రకారు అనుకునేదానిలో పెద్ద భాగం ఇలా రోజూ కంటపడటమే. అది తప్పు కాదు, కానీ ఎదుటి మనిషి గుణం గురించి అది ఏమీ చెప్పదు.

గుండె దడ కూడా మోసం చేస్తుంది. వాంకూవర్ దగ్గర కాపిలానో లోయ మీద ఊగే వంతెనపై 1974లో డటన్, ఆరాన్ చేసిన ప్రయోగంలో, అక్కడ ఒక యువతి పలకరించిన మగవాళ్ళు తర్వాత ఆమెకు ఎక్కువగా ఫోన్ చేశారు. ఎత్తు వల్ల కలిగిన దడకు మనసు ఆకర్షణ అని పేరు పెట్టుకుందని వారి వివరణ. రాత్రి డ్యూటీ, నిద్రలేమి, ఒంటరితనం కలిసినచోట ఇలాంటి పొరపాటుకు చోటు ఎక్కువ.

ఆకర్షణ ముదిరితే ఒకే మనిషి చుట్టూ ఆలోచన తిరుగుతుంది. దీన్ని డొరొతీ టెన్నవ్ 1979లో ‘లిమరెన్స్’ అన్నారు. అవునో కాదో తేలని సందేహమే దానికి మేత. వాట్సాప్‌లో నీలం గీతలు పడ్డాయా అని చూస్తూ నిలబడ్డవాడికి పోగు తెగింది కనిపించదు. సాంచా అలాగే నడిచి బట్టలో గీత పడుతుంది. కొత్తగా ప్రేమలో ఉన్న 17 మంది మెదళ్ళను స్కాన్ చేసిన 2005 నాటి అధ్యయనంలో, ప్రియమైనవారి ఫొటో చూసినప్పుడు బహుమతి ఆశకు స్పందించే డోపమైన్ భాగాలే చురుకయ్యాయి. కోరిక అంత బలంగా ఉండటం నిజమే. అయితే ఆ బలం ఎదుటివారి మీద హక్కు ఇవ్వదు. వద్దన్న మాట వినపడ్డాక వెంటపడటం, కొత్త నంబర్ల నుంచి మెసేజులు పెట్టడం ప్రేమ కానే కాదు. 2008 డిసెంబరులో వరంగల్‌లో నిరాకరణ సహించలేని ఒక యువకుడి పగ ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ అయి పడింది. వారిలో ఒకరు ఆ నెలాఖరులోనే మరణించారు. ఆ ఊరి వైపు నుంచి వచ్చిన కుటుంబాలున్న భివండీలో మగపిల్లలు ముందుగా నేర్వవలసిన పాఠం వెనుదిరగడం.

నిలిచే ప్రేమకు స్టెర్న్‌బర్గ్ 1986లో మూడు పాళ్ళు చెప్పారు: దగ్గరితనం, మోహం, నిబద్ధత. మోహం ముందు వస్తుంది, తొందరగా తగ్గుతుంది. మిగతా రెండూ జ్వరం వచ్చినప్పుడు, పని దొరకనప్పుడు, ఊరికి డబ్బు పంపవలసి వచ్చినప్పుడు ఎవరెలా నడుచుకున్నారో చూస్తే తెలుస్తాయి. పెళ్ళి కుదిరిన తీరును బట్టి ప్రేమ నిలుస్తుందా అని జైపూర్‌లో గుప్తా, సింగ్ 50 జంటలను పరిశీలించి, అయిదేళ్ళు దాటిన ప్రేమ పెళ్ళిళ్ళలో ప్రేమ తక్కువగా, పెద్దలు కుదిర్చినవాటిలో ఎక్కువగా కనిపించిందని 1982లో రాశారు. అది చిన్న నమూనా. అమెరికాలోని భారతీయ దంపతుల మీద 2012లో వచ్చిన అధ్యయనంలో ఆ తేడా కనిపించలేదు.

తల్లిదండ్రులు కాదంటే ప్రేమ పెరుగుతుందని 1972లో డ్రిస్కల్ బృందం చెప్పింది. 2014లో తిరిగి పరిశీలిస్తే అది నిలవలేదు. అయినవారి ఆమోదమే బంధానికి బలమని తేలింది. అందుకే దాచిపెట్టడం కన్నా ఇంట్లో నమ్మకమైన ఒక పెద్దకు ముందే చెప్పుకోవడం మేలు. గైబీ నగర్‌లో ఉర్దూ మాట్లాడే నేతవాళ్ళు, పద్మనగర్‌లో తెలుగు పద్మశాలీలు, అందరిదీ ఒకే వృత్తి. పెళ్ళి మాట వచ్చేసరికి మాత్రం కులం, మతం అడ్డు నిలుస్తాయి. ఇద్దరూ కలిసి నిర్ణయించుకుని, కాలం గడిచినా ఆ నిర్ణయం మారకపోతే, 1954 ప్రత్యేక వివాహ చట్టం మతం మారకుండానే పెళ్ళి చేసుకోనిస్తుంది. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో వివాహ అధికారికి నోటీసు ఇవ్వాలి. అభ్యంతరాలు చెప్పడానికి 30 రోజుల గడువు ఉంటుంది.