దీపం ఆర్పేముందు



రాత్రి కుటుంబ జపమాల ముగించి, సిలువ గుర్తు వేసుకొని పడుకుంటాం. మంచిదే. అయితే సాయంత్రం కూలికి వచ్చిన ఆమెను "డబ్బు రేపు చూద్దాంలే" అని పంపేసిన సంగతి ఏమైంది? జపంలో అది గుర్తుకు వచ్చిందా?

పునీత లొయోలా ఇగ్నేషియస్ వారి 'ఆధ్యాత్మిక సాధనలు' గ్రంథాన్ని 1548లో మూడవ పౌలు పోపుగారు ఆమోదించారు. అందులో ఆత్మపరిశోధనకు ఐదు మెట్లున్నాయి. మొదట దేవుని మేలులకు వందనం. రెండవది, మన పాపాలను గుర్తించే వరం కోసం వేడుకోలు. మూడవది, నిద్ర లేచింది మొదలు మన తలపులు, మాటలు, చేతలు లెక్క చూసుకోవడం. నాల్గవది, దేవుణ్ణి క్షమాపణ అడగడం. ఐదవది, ఆయన కృపతో దిద్దుకుంటానన్న తీర్మానం. చివర పరలోక జపం.

గమనించారా? లెక్కకంటే ముందు వందనం ఉంది. తండ్రి ప్రేమను తలచుకున్న బిడ్డ తప్పు దాచుకోడు.

తీర్మానం మాత్రం స్పష్టంగా ఉండాలి. "మంచిగా ఉంటాను" అంటే చాలదు. కూలివాని కూలి తెల్లవారేదాకా మనవద్ద ఉండరాదని లేవీయకాండం (19:13) ఆజ్ఞాపిస్తోంది. ఆమె ఇల్లు దగ్గరే అయితే ఇప్పుడే లేచి ఇచ్చిరండి. ఆ నాలుగడుగులూ జపమే.

ప్రభువు మీకు తోడైయుండునుగాక!